సైటు యజమాని అడిగినవన్నీ పెడితే వార్తకు చోటెక్కడ?

వెబ్‌శిల్పి_బెజవాడ

జిల్లా వార్తలు అందించే ఒక తెలుగు సైటుకు కొత్త రూపం ఇచ్చే పనిలో ఉన్నాను. యజమాని మంచి మనిషి, ఒప్పుకున్న డబ్బు ఒప్పుకున్న తేదీకి చెల్లిస్తారు. అయితే ఆయన పంపిన కోరికల చిట్టా చూసిన తరువాత పని ముందుకు సాగడం లేదు. పేజీ తెరవగానే తెర నిండా ఒక ప్రకటన రావాలట. దాన్ని మూసేలోపే నోటిఫికేషన్లకు అనుమతి అడగాలి, ఆ వెంటనే వాట్సాప్ గ్రూపులో చేరమనే పెట్టె రావాలి. పైన మూలన వీడియో తనంతట తానే శబ్దంతో మొదలవ్వాలి. తెర అడుగున ఒక ప్రకటన పట్టీ ఎప్పుడూ అంటిపెట్టుకుని ఉండాలి. ఇవి చాలవన్నట్టు, ఒక్కో వార్తను నాలుగు ముక్కలు చేసి, ప్రతి ముక్క చివర "తరువాతి పేజీ" అనే మీట పెట్టాలి. అలా చేస్తే పేజీ వీక్షణలు పెరుగుతాయని ఎవరో చెప్పారట.

ఇవన్నీ అమర్చిన నమూనాను మామూలు ఫోనులో తెరిచి చూస్తే, మొదటి తెరలో వార్త శీర్షికలో పై వరుస మాత్రమే కనిపించింది. ఆయన అవసరాలను నేను కాదనడం లేదు. సైటు నడవాలంటే ఆదాయం ఉండాలి. కానీ చదవడానికి వచ్చిన మనిషికి ఇన్ని అడ్డంకులు పెట్టడానికి మనసు ఒప్పడం లేదు. వీటిలో దేనికి తలొగ్గాలి, దేని మీద పట్టుబట్టాలి? సైట్లు నడిపేవారు, చదివేవారు, రెండు వైపుల వారూ చెప్పాలని కోరుతున్నాను.

మాస్టారు_తెనాలి

చదివేవాడిగా నా బాధ చెబుతాను. ఒక శీర్షిక మీద వేలు పెట్టబోతాను. సరిగ్గా ఆ క్షణంలో పైన ఎక్కడో ఒక ప్రకటన వచ్చి కూర్చుంటుంది, పేజీ మొత్తం కిందికి జరుగుతుంది, నా వేలు ఏదో అప్పుల యాప్ ప్రకటన మీద పడుతుంది. వెనక్కి వచ్చేసరికి నేను చదవాలనుకున్న వార్త ఎక్కడుందో తెలియదు. అచ్చు పత్రికలోనూ ప్రకటనలు ఉంటాయి, సగం పేజీ ప్రకటనలూ ఉంటాయి. కానీ చదువుతుండగా అవి కదలవు. నా అభ్యంతరం ప్రకటన ఉన్నందుకు కాదు, అది కదులుతున్నందుకు.

పల్నాటి_పత్రిక

నేనూ ఒక చిన్న వార్తా సైటు యజమానిని కనుక, వెబ్‌శిల్పి గారి క్లయింటు తరఫున మాట్లాడవలసిన బాధ్యత నా మీద ఉందనుకుంటున్నాను.

మండలానికి ఒక విలేకరి కావాలి. అతని బండికి పెట్రోలు, ఫోనుకు రీచార్జి, పండుగకు ఎంతో కొంత చేతిలో పెట్టడం, ఇవన్నీ ఉంటాయి. సర్వరు అద్దె డాలర్లలో కట్టాలి. ఎన్నికల ఫలితాల రోజున రద్దీ పెరిగితే ఆ అద్దె ఇంకా పెరుగుతుంది. పాఠకుడు ఒక్క రూపాయి ఇవ్వడు, ఇవ్వమని అడిగితే నొచ్చుకుంటాడు. మిగిలింది ప్రకటనలే. సైట్లలో ప్రకటనలు చూపించి యజమానికి డబ్బు ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు పేజీలను అంగీకరించడం 2018లో మొదలైంది. అంతకు ముందు మాలాంటి వారికి ఆ దారి కూడా లేదు. ఇప్పుడు దారి ఉన్నా, తెలుగు పేజీకి వచ్చే ధర ఇంగ్లీషు పేజీకి వచ్చే ధర దరిదాపుల్లో ఉండదు. అందుకే ఒక ప్రకటన పెట్టవలసిన చోట మూడు పెడతాము. కూటి కోసం కోటి విద్యలు అని ఊరికే అనలేదు.

డిజైనరు తన పని ముగించుకుని వెళ్ళిపోతాడు. నెలాఖరున జీతాలు ఇవ్వవలసింది యజమాని. పాఠకుడి సౌకర్యం గురించి మాట్లాడేవారు ఆ సౌకర్యానికి ఎవరు డబ్బు కడతారో కూడా చెప్పాలి.

గట్టుమీది_పాఠకురాలు

పల్నాటి గారూ, మీ కష్టం అర్థమైంది. అయినా ఒక్క మాట. వెనక్కి వెళ్ళే మీట నొక్కితే వెనక్కి పోనివ్వకుండా "మీకు నచ్చే మరికొన్ని వార్తలు" అంటూ ఇంకో ప్రకటనల పేజీ చూపించే సైట్లు ఉన్నాయి. ఆ పని చేసిన సైటుకు నేను మళ్ళీ వెళ్ళను, ఇంట్లో ఎవరికీ దాని లింకు పంపను.

ఓరుగల్లు_కోడర్

మాస్టారు చెప్పిన సమస్యకు కొలత ఉంది, మందు కూడా ఉంది. పేజీ లోడ్ అవుతుండగా అందులోని భాగాలు ఎంత జరుగుతున్నాయో గూగుల్ ఒక అంకెగా కొలుస్తుంది, అది 0.1 దాటకూడదు. మొదటి తెరలోని పెద్ద బొమ్మో పెద్ద పేరానో 2.5 సెకన్లలోపు కనిపించాలి. మీట నొక్కితే పేజీ 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి. ఈ మూడవ కొలత 2024 మార్చిలో పాత కొలత స్థానంలోకి వచ్చింది. ఇవి వెతుకులాట ఫలితాల్లో స్థానాన్ని కూడా కొంతవరకు ప్రభావితం చేస్తాయి కనుక, యజమానికి వీటిని ఆయన లాభం కోణంలోనే చెప్పవచ్చు.

మందు చాలా చిన్నది. ప్రకటన వచ్చే చోట ఒక పెట్టె గీసి, పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్ కోడులో దానికి కనీస ఎత్తు ముందే ఇవ్వండి. 300 బై 250 ప్రకటన వస్తుందనుకుంటే 250 పిక్సెళ్ళ ఎత్తు కేటాయించండి. ప్రకటన ఆలస్యంగా వచ్చినా తన చోటులోనే కూర్చుంటుంది, కింద ఉన్న వార్త అంగుళం కూడా కదలదు. ఈ ఒక్క మార్పుతో యజమాని ఒక్క ప్రకటనను కూడా వదులుకోనక్కరలేదు.

పల్నాటి_పత్రిక

కోడర్ గారూ, ఆ పెట్టెలోకి ప్రకటన రాని సందర్భాల సంగతేమిటి? యాడ్‌సెన్స్ వంటి ప్రకటనల నెట్‌వర్క్ ప్రతిసారీ ప్రకటన ఇవ్వదు. అప్పుడు వార్త మధ్యలో తెల్లటి గుంట కనిపిస్తుంది, సైటు పాడైపోయిందని పాఠకుడు అనుకుంటాడు.

ఓరుగల్లు_కోడర్

న్యాయమైన ప్రశ్న. నెట్‌వర్క్ ప్రకటన రానప్పుడు మీ సొంత ప్రకటన కనిపించేలా అమర్చుకోవచ్చు. మీ వాట్సాప్ చానల్ లింకు, ఆ వారం ప్రత్యేక కథనం, లేదా మీ ఊరి వ్యాపారి ఇచ్చిన ప్రకటన అక్కడ పెట్టండి. ఆ రకంగా వాట్సాప్ పాప్-అప్ అవసరం కూడా తీరిపోతుంది.

ప్రకటనల_పద్దు

ప్రకటనలు అమ్మే వైపు నుంచి చెబుతాను. పొరపాటున పడిన క్లిక్కులతో ఆదాయం పెరుగుతుందన్న నమ్మకం యజమానుల్లో బలంగా ఉంది. అది నిలిచే ఆదాయం కాదు. పాఠకుడు పొరపాటున నొక్కేలా ప్రకటనలు అమర్చడాన్ని యాడ్‌సెన్స్ నిబంధనలు నిషేధించాయి. చెల్లని క్లిక్కులని తేలిన వాటి డబ్బును ఖాతాలోంచి తిరిగి తీసుకుంటారు, మితిమీరితే ఖాతానే మూసేస్తారు. మూతపడిన ఖాతాను తిరిగి తెరిపించడం ఎంత కష్టమో అనుభవించిన వారికి తెలుసు.

పల్నాటి గారి లెక్కలో ఇంకో సంగతి రాలేదు. జిల్లా సైట్లకు నెట్‌వర్క్ కంటే నేరుగా వచ్చే ప్రకటనల మీదే ఎక్కువ మిగులుతుంది. జూన్‌లో కాలేజీల అడ్మిషన్లు, శ్రావణంలో పెళ్ళి బట్టలు, బంగారం, ఏడాది పొడుగునా ప్లాట్ల వెంచర్లు, నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు. ఈ ప్రకటనదారుడు ఎన్ని క్లిక్కులు పడ్డాయని అడగడు. "నా బ్యానరు ఎక్కడ కనిపిస్తుంది, పక్కన ఇంకెవరిది ఉంటుంది?" అని అడుగుతాడు. పేజీలో పన్నెండు ప్రకటనలుంటే తనది ఎవరూ చూడరని అతనికీ తెలుసు. మూడే ఉంటే ఆ మూడింటికీ ఎక్కువ ధర చెప్పవచ్చు. చోటు తక్కువగా ఉంటేనే దానికి గిరాకీ.

పల్నాటి_పత్రిక

పద్దు గారూ, మీరు చెప్పింది జిల్లా కేంద్రంలో నిజం. మా వైపు మండలాల్లో బంగారం కొట్టు యజమాని సంవత్సరానికి రెండుసార్లు ప్రకటన ఇస్తాడు, ఆ డబ్బు మూడు నెలల తరువాత వస్తుంది. నెట్‌వర్క్ డబ్బు తక్కువైనా నెలనెలా వస్తుంది. చేతిలో ఉన్నది వదులుకుని రాబోయేదాని మీద ఆశ పెట్టుకోలేను.

శబ్దపాఠకుడు

నాకు చూపు లేదు. తెర మీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ల ద్వారా, అంటే ఫోనులో టాక్‌బ్యాక్, కంప్యూటరులో ఎన్‌వీడీఏ ద్వారా తెలుగు సైట్లు వింటాను. పైన వచ్చిన కోరికల చిట్టా నావంటి వారికి ఎలా వినిపిస్తుందో వివరంగా రాస్తాను. యజమానులు దీన్ని కాస్త ఓపికగా చదవాలని మనవి.

పేజీ తెరుచుకుంటుంది. శీర్షికలో రెండు మాటలు వినపడగానే వీడియో మోగడం మొదలవుతుంది. అక్కడి నుంచి రెండు గొంతులు ఒకేసారి వస్తాయి, చదివే గొంతు ఏదో వీడియో గొంతు ఏదో తెలియదు. వీడియోను ఆపుదామంటే ఆ మీట ఎక్కడుందో వెతకడానికి కూడా ఆ చదివే గొంతే దిక్కు. ఈలోగా తెర నిండా ప్రకటన వచ్చి ఉంటుంది. దాన్ని మూసే గుర్తుకు పేరు పెట్టి ఉండరు కనుక నాకు "బటన్" అని మాత్రమే వినిపిస్తుంది. ఏ బటనో తెలియక నొక్కితే ప్రకటనదారుడి సైటు తెరుచుకుంటుంది. కొన్ని సైట్లలో ప్రకటన తెర మీద ఉన్నా స్క్రీన్ రీడర్ దాని వెనక ఉన్న పేజీని చదువుతూ పోతుంది. ఏదో అడ్డుగా ఉందని నాకు తెలియదు, నేను నొక్కిన లింకు పని చేయదు.

ఇంకో బాధ ఏమిటంటే, వార్తను అచ్చు పత్రిక కత్తిరింపులా బొమ్మగా మార్చి పెట్టడం. ఇతరులు కాపీ కొట్టకుండా ఉండాలని యజమానులు అలా చేస్తారని విన్నాను. ఆ బొమ్మలోని ఒక్క అక్షరం కూడా నాకు అందదు. వెతుకులాటకు కూడా అందదు కనుక, యజమానికీ దాని వల్ల పాఠకులు తగ్గుతారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మన దేశంలో ఉంది. వెబ్ అందుబాటుకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణాలు కూడా, తనంతట తాను మూడు సెకన్లకు మించి మోగే శబ్దాన్ని ఆపే మీట ఉండాలని చెబుతున్నాయి. నేను అడిగేది మాత్రం అంతకంటే చిన్నది. శబ్దాన్ని నేను నొక్కినప్పుడే మోగించండి. మూసే మీటకు "ప్రకటన మూసివేయి" అని పేరు పెట్టండి.

వెబ్‌శిల్పి_బెజవాడ

శబ్దపాఠకుడు గారి టపాను ఉన్నదున్నట్టుగా యజమానికి పంపాను. వీడియో తనంతట తాను మొదలవ్వడం మానేద్దామని ఆయన వెంటనే ఒప్పుకున్నారు. నేను వారం రోజులుగా చెబుతున్న కారణాలకు కదలని మనిషి, ఈ ఒక్క వివరణకు కదిలారు.

ఓరుగల్లు_కోడర్

ఆ వీడియో విషయంలో ఆయన పోగొట్టుకునేదీ పెద్దగా లేదు. 2018 ఏప్రిల్‌లో వచ్చిన క్రోమ్ 66 నుంచి, పాఠకుడు పేజీని ముట్టుకోకముందే శబ్దంతో మొదలయ్యే వీడియోను బ్రౌజరే చాలావరకు ఆపేస్తోంది.

తెర నిండా వచ్చే ప్రకటన గురించి కూడా చెప్పాలి. వెతుకులాట నుంచి వచ్చిన పాఠకుడికి వార్త కంటే ముందు అడ్డుతెర చూపించే మొబైల్ పేజీల స్థానం తగ్గవచ్చని గూగుల్ ప్రకటించి, 2017 జనవరి 10 నుంచి అమలు చేసింది. ప్రకటనల రంగంలోని సంస్థలు కలిసి ఏర్పరచిన 'కోఎలిషన్ ఫర్ బెటర్ యాడ్స్' అదే సంవత్సరం కొన్ని ప్రమాణాలు ప్రకటించింది. మొబైల్ మీద వారు కూడదన్న ఎనిమిది రకాల్లో పాప్-అప్, వార్తకు ముందు వచ్చే అడ్డుతెర, శబ్దంతో మొదలయ్యే వీడియో, వార్త ఎత్తులో 30 శాతం దాటిన ప్రకటనలు ఉన్నాయి. ఈ ప్రమాణాలను పదే పదే ఉల్లంఘించే సైట్లలో ప్రకటనలన్నిటినీ క్రోమ్ అడ్డుకుంటుంది. అది 2018 ఫిబ్రవరి 15న ఉత్తర అమెరికా, ఐరోపాలలో మొదలై, 2019 జూలై 9 నుంచి మన దేశంతో సహా అన్ని చోట్లకూ వచ్చింది. ఒక చెడ్డ ప్రకటన వల్ల మంచి ప్రకటనల ఆదాయం కూడా పోతుందన్న సంగతి యజమానికి చెప్పండి.

డల్లాస్_తెలుగు

నేను ఇక్కడి నుంచి ఊరి వార్తల కోసమే ఆ సైట్లు చూస్తాను. చాలాకాలంగా ప్రకటనలను అడ్డుకునే యాడ్ బ్లాకర్ వాడుతున్నాను, దానికి కారణం పైన మాస్టారు చెప్పినదే. ప్రకటనలు కదలకుండా, అరవకుండా ఉంటే ఆ సైటుకు బ్లాకర్ తీసేయడానికి నాకు అభ్యంతరం లేదు. సంవత్సరానికి కొంత చందా కట్టి ప్రకటనలు లేకుండా చదివే ఏర్పాటు ఉంటే ఇంకా సంతోషం.

పల్నాటి_పత్రిక

డల్లాస్ గారూ, మీరు చందా కడతారని నమ్ముతాను, మీలాంటి వారు మరికొందరు ఉంటారని కూడా నమ్ముతాను. కానీ ప్రకటనలను అడ్డుకుని ఉచితంగా చదువుతూ, చందా పెడితే కడతాను అనడం నాకు నచ్చలేదు. మా వార్త నచ్చితే ప్రకటన చూడండి. ప్రకటన నచ్చకపోతే సైటు మానేయండి. రెండింటి నడుమ మా కష్టాన్ని తీసుకుపోవడం న్యాయం కాదు.

డల్లాస్_తెలుగు

మీ కోపంలో న్యాయం ఉంది. అయితే అప్పుల యాప్ ప్రకటన నా ఫోనులోకి వచ్చేలా అనుమతించమని నన్ను అడగడంలోనూ ఇబ్బంది ఉంది. మీ నెట్‌వర్క్ ఏ ప్రకటన పంపుతుందో మీకే ముందుగా తెలియదు కదా. యాడ్‌సెన్స్‌లో కొన్ని వర్గాల ప్రకటనలను సైటు యజమానే నిలిపివేయవచ్చు, ఆ పని చేసిన సైటు ఏదైనా ఉంటే చెప్పండి, ఈ రోజే బ్లాకర్ తీసేస్తాను.

అక్షరప్రియ

పాప్-అప్‌ల పుట్టుక గురించి ఒక విషయం ఈ చర్చకు పనికివస్తుంది. 1990ల చివరలో ట్రైపాడ్ అనే సైటులో పని చేసిన ఈథన్ జుకర్‌మన్ దాని కోడు రాశారు. ఒక కార్ల కంపెనీ ప్రకటన అసభ్యమైన పేజీ మీద కనిపించిందని ఆ కంపెనీ అభ్యంతరం చెప్పగా, ప్రకటనకూ పేజీకీ సంబంధం లేదని చూపించడానికి దాన్ని విడి కిటికీలో తెరిచారు. అంటే అది ప్రకటనదారుడి పరువు కోసం పుట్టింది, పాఠకుడిని ఎవరూ అడగలేదు. 2014లో ఆయన దాని గురించి బహిరంగంగా క్షమాపణ కూడా చెప్పారు.

ఇక నా అసలు విషయం అక్షరాలు. ప్రకటనలన్నీ తీసేసినా చదవడానికి కష్టంగా ఉండే తెలుగు సైట్లు చాలా ఉన్నాయి. కారణం, ఇంగ్లీషు కోసం తయారైన టెంప్లేటును అలాగే తెలుగుకు వాడడం. ఇంగ్లీషు శీర్షికకు పంక్తి ఎత్తు అక్షరం పరిమాణానికి 1.2 రెట్లు ఉంటే సరిపోతుంది. "రాష్ట్రం" అన్న మాట తీసుకోండి. ష కింద ట వత్తు, దానితో పాటు ర వత్తు. "స్త్రీ" అంటే పైన గుడి దీర్ఘం, కింద రెండు వత్తులు. ఇవి రెండు వరుసల శీర్షికలో ఒకదాని కింద ఒకటి పడితే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద ఎక్కుతాయి. పెట్టె ఎత్తు బిగించి ఉంటే వత్తులు సగానికి తెగిపోతాయి. తెలుగు వచనానికి 1.6 నుంచి 1.8 వరకు పంక్తి ఎత్తు ఇవ్వండి, అక్షరం పరిమాణాన్ని కూడా ఇంగ్లీషు కంటే ఒకటి రెండు పిక్సెళ్ళు పెంచండి.

యజమానులు దీనికి కూడా ఒప్పుకోరు. మొదటి తెరలో ఎక్కువ శీర్షికలు పట్టాలంటారు. అరవై ఏళ్ళ పాఠకుడు కళ్ళజోడు పైకెత్తి చదవవలసిన పది శీర్షికల కంటే, హాయిగా చదివే ఆరు శీర్షికలు మేలు.

ఓరుగల్లు_కోడర్

అక్షరప్రియ గారితో పంక్తి ఎత్తు వరకు పూర్తిగా ఏకీభవిస్తాను. అలంకార ఫాంట్ల జోలికి మాత్రం పోవద్దని నా సలహా. ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో తెలుగు ఫాంటు ముందే ఉంటుంది, దానితోనే సరిపెట్టుకుంటే పేజీ తేలికగా ఉంటుంది. తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లీషు ఫాంటు కంటే చాలా బరువు. అది దిగేలోపు వేరే ఫాంటులో చూపించి తరువాత మార్చితే, మాస్టారు బాధపడిన ఆ కదలికే మళ్ళీ వస్తుంది.

అక్షరప్రియ

అన్ని తెలుగు సైట్లూ ఒకే ఫాంటులో ఉంటే ఏది ఎవరిదో ఎలా గుర్తుపడతారు? సొంత ముఖం ఉండాలన్న కోరిక యజమానికి న్యాయమైనదే. ఒకప్పుడు తెలుగు పత్రికల సైట్లు ఒక్కోటీ సొంత ఫాంటుతో నడిచేవి, ఆ ఫాంటు లేనివారికి అర్థంకాని గుర్తులు కనిపించేవి. వాటిని అన్ని చోట్లా ఒకేలా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్‌లో 'పద్మ' అనే పొడిగింపు పెట్టుకోవలసి వచ్చేది. ఆ రోజులు తిరిగి రావాలని నేను అనడం లేదు. మండలి, రామభద్ర, సూరన్న వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. వార్త మొత్తానికి నోటో వాడి, సైటు పేరుకూ ప్రధాన శీర్షికకూ మాత్రం వాటిలో ఒకటి వాడుకోవచ్చు.

మంగళగిరి_మగ్గం

అడ్డంకులన్నీ యజమానుల నుంచే వస్తాయన్నట్టుగా చర్చ సాగుతోంది. మాది చేనేత చీరల అమ్మకం. మా మొదటి సైటు చేసిన డిజైనరు ముందుగా మగ్గం కదిలే యానిమేషన్ పెట్టారు, అది ముగిస్తే గానీ చీరలు కనిపించవు. ధర చూడాలంటే పేరు, ఫోను నంబరు ఇవ్వాలన్న ఫారమ్ కూడా ఆయన సలహానే. కొనేవారు ఫోను చేసి అడిగేది మూడే ప్రశ్నలు: ధర ఎంత, జాకెట్టు ముక్క ఉందా, ఫోటోలోని రంగే వస్తుందా? ఆ మూడూ మొదటి తెరలోనే కనిపించేలా సైటును మార్పించాము. పగటి వెలుతురులో తీసిన ఫోటో ఒకటి, అంచు దగ్గరగా తీసిన ఫోటో ఒకటి, ధర, జాకెట్టు ముక్క వివరం, వాట్సాప్ నంబరు. ఇప్పుడు ఫోను చేసేవారు ధర అడగడం లేదు, ఎప్పుడు పంపుతారని అడుగుతున్నారు.

నా అవసరం అమ్మకం, వచ్చినవారి అవసరం కొనుగోలు. ఈ రెండూ ఒకే దిశలో ఉన్నాయి కనుక మాకు సులువైంది. వార్తా సైటుకు అలా కుదరదని నాకు తెలుసు. అక్కడ చదివేవాడు ఒకడు, డబ్బు ఇచ్చేవాడు ఇంకొకడు. మీ చిక్కంతా అక్కడే ఉంది.

ఉద్యోగార్థి_కర్నూలు

పరీక్షా ఫలితాలు, ఉద్యోగ నోటిఫికేషన్ల సైట్ల గురించి కూడా రాయండి. హాల్ టికెట్ కోసం వెళితే "డౌన్‌లోడ్" అని పచ్చరంగు మీటలు నాలుగు ఉంటాయి. మూడు ప్రకటనలు, నాలుగవది అసలు లింకు, అది చిన్న అక్షరాల్లో అడుగున ఉంటుంది. చివరి తేదీ రోజున నెట్ సెంటరులో గంటకు డబ్బు కట్టి కూర్చున్నవాడికి అది అసౌకర్యం కాదు, నష్టం.

న్యాయపథం

కర్నూలు తమ్ముడు చెప్పినదానికి మన దేశంలో నిబంధన ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న వాడేవారిని తప్పుదారి పట్టించే సైటు ఎత్తుగడల ('డార్క్ ప్యాటర్న్స్') నివారణకు మార్గదర్శకాలు ప్రకటించింది. అందులో పేర్కొన్న 13 రకాల్లో ప్రకటనను వార్తలాగానో మీటలాగానో వేషం వేసి చూపించడం ఒకటి. కాదన్నా పదే పదే అడిగి విసిగించడం ఇంకొకటి. వద్దన్నవాడిని సిగ్గుపరిచే మాటలు పెట్టడం మరొకటి. వాట్సాప్ పెట్టెను మూయడానికి "నాకు మా ఊరి వార్తలు అక్కరలేదు" అన్న మీట పెట్టే సైట్లు ఈ మూడవ రకంలోకి వస్తాయి.

వెబ్‌శిల్పి గారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి అడిగేటప్పుడు దాన్ని ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు సైటులో పేర్లు, నంబర్లు అడిగే ఫారమ్ పెడితే, దాని కింద షరతులను ఇంగ్లీషులో మాత్రమే అతికించి వదిలేయకండి.

వెబ్‌శిల్పి_బెజవాడ

నోటిఫికేషన్ల అనుమతి, వార్తను నాలుగు పేజీలుగా విడగొట్టడం, అడుగు పట్టీ, ఈ మూడు మాత్రం ఇంకా తేలలేదు. నోటిఫికేషన్ల ద్వారానే పాఠకులు తిరిగి వస్తారని యజమాని వాదన. అది నిజమే అనిపిస్తోంది.

ఓరుగల్లు_కోడర్

నిజమే, అందుకే తొందరపడకూడదు. పేజీ తెరవగానే అడిగితే చాలామంది ఏమీ చదవకుండానే "బ్లాక్" నొక్కుతారు. ఒకసారి బ్లాక్ చేస్తే మీ సైటు మళ్ళీ అడగలేదు, పాఠకుడే సెట్టింగుల్లోకి వెళ్ళి మార్చుకోవాలి. ఆ శ్రమ ఎవరూ పడరు. 2020 జనవరిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 72 నుంచి, పాఠకుడు పేజీలో ఏదైనా నొక్కేవరకు ఆ ప్రశ్నను బ్రౌజరే చూపించదు. వార్త చివర గంట గుర్తుతో "ఈ మండలం వార్తలు వచ్చినప్పుడు తెలియజేయాలా?" అని రాయండి. నొక్కినవారికే బ్రౌజరు ప్రశ్న చూపించండి. సంఖ్య తక్కువగా ఉన్నా, అవును అన్నవారు నిజంగా కావాలనుకున్నవారు అవుతారు.

నాలుగు పేజీల విషయంలో నా దగ్గర రాజీ లేదు. పల్లెల్లో సిగ్నలు ఒక గదిలో ఉండి ఇంకో గదిలో ఉండదు. రెండో పేజీ తెరుచుకోకపోతే పాఠకుడికి ప్రమాదం ఎక్కడ జరిగిందో తెలుస్తుంది, ఎవరికి జరిగిందో తెలియదు.

ప్రకటనల_పద్దు

పేజీ వీక్షణల కోసమే విడగొడుతున్నారు కనుక, వార్త అయిపోయిన చోట అదే మండలానికి చెందిన మరో మూడు వార్తల శీర్షికలు ఇవ్వమనండి. వీక్షణలు ఆ దారిన కూడా వస్తాయి. అవి పాఠకుడు ఇష్టపడి తెరిచిన పేజీలు కనుక ఆ ప్రకటనలను కాస్త నిలిచి చూస్తాడు.

పల్నాటి_పత్రిక

చర్చ అంతా రెండోసారి చదివాను. ప్రకటన పెట్టెలకు ముందే ఎత్తు ఇవ్వడం, మూసే మీటకు పేరు పెట్టడం, ఈ రెండూ మా సైటులో ఈ వారమే చేయిస్తాను. అప్పుల యాప్‌ల వర్గాన్ని కూడా నిలిపివేయిస్తాను, డల్లాస్ గారు మాట నిలబెట్టుకోవాలి. అడుగు పట్టీని మాత్రం తీయను. మా నెలసరి ఆదాయంలో పెద్ద భాగం దాని మీదే వస్తోంది. దాన్ని తీసేస్తే ఒక విలేకరిని మాన్పించాలి. పట్టీ వల్ల పాఠకుడికి కలిగే ఇబ్బంది కంటే, ఒక మండలం వార్తలు రాకపోవడం పెద్ద ఇబ్బంది అని నేను అనుకుంటున్నాను.

మాస్టారు_తెనాలి

పల్నాటి గారూ, మీరు కారణం చెప్పి ఉంచుతానన్నారు కనుక నేను అభ్యంతర పెట్టను. కానీ ఆ పట్టీ ఎత్తు రోజురోజుకీ పెరగకూడదు. కొన్ని సైట్లలో అది తెరలో మూడోవంతు ఆక్రమిస్తోంది.

వెబ్‌శిల్పి_బెజవాడ

ఈ రోజు యజమానితో కూర్చుని మాట్లాడాను. సైటు పేరు కింద ఒక పెట్టె, మూడవ పేరా తరువాత ఒకటి, వార్త చివర ఒకటి, అడుగున పట్టీ. అన్నిటికీ ఎత్తు ముందే కేటాయిస్తాము, పట్టీ ఎత్తు 50 పిక్సెళ్ళు దాటదు. వార్త ఒకే పేజీలో ఉంటుంది. నోటిఫికేషన్ గంట వార్త చివరికి వెళ్ళింది. తెర నిండా వచ్చే ప్రకటనను మాత్రం ఆయన పూర్తిగా వదులుకోలేదు. సంక్రాంతికీ ఉగాదికీ ఒక పెద్ద ప్రకటనదారుడు దాని కోసమే డబ్బు ఇస్తాడట. ఆ రోజుల్లో హోం పేజీలో మాత్రమే, పాఠకుడికి ఒకసారి మాత్రమే చూపిద్దామని, వార్త లింకు ద్వారా నేరుగా వచ్చినవారికి అసలు చూపించకూడదని అడిగాను. ఆలోచిస్తానన్నారు.

శబ్దపాఠకుడు

వెబ్‌శిల్పి గారూ, అడుగు పట్టీ ఉంచుతున్నారు కనుక కోడు రాసేటప్పుడు రెండు పనులు చేయండి. పట్టీని కోడులో వార్త తరువాతే ఉంచండి, ముందు ఉంచితే ప్రతి పేజీలోనూ నాకు వార్త కంటే ముందు ప్రకటన వినిపిస్తుంది. మూసే మీట కనీసం 24 పిక్సెళ్ళ వెడల్పు, అంతే ఎత్తు ఉండేలా చూడండి. అది చేతులు వణికేవారి కోసం కూడా. సైటు సిద్ధమైతే విడుదలకు ముందు లింకు పంపండి, టాక్‌బ్యాక్‌తో మొత్తం విని ఎక్కడ చిక్కుకుంటున్నానో రాసి పంపుతాను.